చెయ్యి అడ్డుపెట్టని రోగి

కోవిడ్ వార్డులు ఎత్తేసిన మరుసటి ఏడాది, మద్దిలపాలెం దగ్గరి ఒక శిక్షణ సంస్థకు నన్ను పరీక్షకుడిగా పంపారు. అప్పటికి నేను ఆసుపత్రిలో సీనియర్ డైటీషియన్‌ని. స్టోర్సు గుమాస్తాగా చేరి, కేలరీల లెక్కలు సొంతంగా నేర్చుకుని పైకొచ్చినవాణ్ని.

డైటీషియన్ కోర్సులో ఆరు నెలల వంటశాల శిక్షణ ఉంటుంది. ఆ పని ముందే వచ్చినవారు చేసి చూపిస్తే శిక్షణ మాఫీ. దీన్నే పూర్వానుభవ గుర్తింపు అంటారు.

ఆ రోజు ఈ పరీక్షకు వచ్చిన సువార్త ఆటోనగర్‌లో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్ నడుపుతోంది. "ఆర్నెల్లు సెలవెడితే మా ఓనరు ఇంకో మనిసినెట్టేత్తాడు సార్" అని ముందే చెప్పింది.

నేనూ, ఆ సంస్థ ప్రిన్సిపాల్ మేడమూ కలిసి కిడ్నీ రోగి భోజనం వండమన్నాం. పొటాషియం తగ్గడానికి కూర ముక్కలు ఉడికించి నీళ్లు పారబోసింది. ఉప్పు, పప్పు, అన్నం తూచింది. ఎక్కడా తేడా లేదు. తర్వాత వడ్డన. పరీక్ష కోసం రోగి పాత్ర నాదే.

పళ్లెం సగమయ్యేసరికి గరిటెతో వచ్చింది. "చాలమ్మా" అన్నాను. అయినా ఇంకో గరిటె అన్నం వేసేసింది.

ప్రిన్సిపాల్ మేడమ్ పెన్ను కింద పెట్టారు. "రోగికి మారు వడ్డిస్తావా? చాలన్నారు కదా!"

"సాలన్నారు గానీ సెయ్యి అడ్డెట్టనేదు కదండీ!"

నిజమే. మా వైపు విందుల్లో చాలన్న మాటను ఎవరూ పట్టించుకోరు. విస్తరి మీద చెయ్యి అడ్డుపెడితేనే గరిటె ఆగుతుంది.

"అడ్డుపెట్టేదాకా వేస్తూనే ఉంటావా?"

"అడ్డెట్టకపోగా పప్పు కలిపేసుకున్నారు మేడమ్, సూడండి."

మేడమ్ నా పళ్లెం చూశారు. అప్పటికే మూడు ముద్దలు లోపలికి వెళ్లాయి.

కొలత తప్పితే మొత్తం ఫెయిల్ అన్నది నియమం. మేడమ్ అదే పట్టు పట్టారు. వంటకూ తూకానికీ మార్కులు విడిగా ఉన్నప్పుడు వడ్డనకూ విడిగానే వేయాలని నేను వాదించాను. నోట్లో ముద్ద ఉన్నందువల్ల వాదన కొంచెం ఆలస్యమైంది. చివరికి వంట, తూకం మాఫీ చేశాం. వడ్డన మాత్రం డ్యూటీ దిగాక సాయంత్రాలు మా ఆసుపత్రి వార్డులో ఒక నెల నేర్చుకోవాలి.

"అయితే ఉద్యోగం మానక్కర్లేదు కదండీ?" అంది సువార్త.

"అక్కర్లేదు. గరిటె మాత్రం ఇక్కడే పెట్టి వెళ్లు" అన్నారు మేడమ్.

అనుభవాన్ని గుర్తించేటప్పుడు వచ్చిన పనినీ, దాన్ని అంటిపెట్టుకొచ్చిన అలవాటునూ వేర్వేరుగా తూచాలని అప్పుడు తెలిసింది. పరీక్షకుడు ఇంటి దగ్గర భోంచేసి రావాలన్న నిబంధన కూడా ఆ సాయంత్రమే రాసుకున్నాం.