కోపం తగ్గించుకోవడానికి బుల్వర్ కొండకు

1995 సెప్టెంబరు 22, శుక్రవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు టోంగాట్ మార్కెట్ దగ్గర డర్బన్ వెళ్లే టాక్సీ ఎక్కాను. మా దక్షిణాఫ్రికాలో టాక్సీ అంటే పదిహేనుమంది పట్టే వ్యాను. పద్దెనిమిదిమంది ఎక్కితేగాని కదలదు. చేతిలో ఒక సంచి, అందులో రెండు చీరలు, ఒక దిండు, ఉన్ని మేజోళ్లు, మామిడికాయ పచ్చడి సీసా. అరవై మూడేళ్ల వయసులో సంతోషంగా బతకడం ఎలాగో నేర్చుకోవడానికి వెళ్తున్నాను.

నాకైతే వెళ్లాలని లేదు. బుల్వర్ కొండ మీద బౌద్ధుల ధ్యాన కేంద్రం ఉంది, అక్కడికి మా కోడలు రాచెల్ పంపింది. ఆమెకి జొహానెస్‌బర్గ్‌లో పెద్ద ఉద్యోగం వచ్చింది. వస్తానో రానో వచ్చే శుక్రవారం లోపల చెప్పాలి. బుధవారం అన్నం తింటూ అంది:

"మా, మీరు పొద్దున లేచింది మొదలు తిడతారు. నన్ను తిట్టండి, నాకు అలవాటైపోయింది. పిల్లని తిడితే ఊరుకోను. మీరు మళ్లీ ఆ కొండకి వెళ్తారా, లేక మేం జొహానెస్‌బర్గ్ పోవాలా?"

మా అబ్బాయి కృష్ణ చక్కెర మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేస్తాడు. వాడు టీవీ వైపు తిరిగి కూర్చున్నాడు.

రాచెల్‌ది ఒకప్పుడు మాలాంటి తెలుగు హిందూ కుటుంబమే. ఇప్పుడు ప్రతి ఆదివారం చర్చిలో చేతులెత్తి పాడుతుంది. బుద్ధుడంటే ఆమెకి సరిపడదు. అలాంటి మనిషి నన్ను బుద్ధుడి దగ్గరికి పంపిందంటే నా నోరు ఎలాంటిదో చదివేవాళ్లు ఊహించుకోవాలి.

మళ్లీ అని ఎందుకందంటే, మూడేళ్ల కిందట మా ఆయన పోయాక ఒకసారి వెళ్లాను. వచ్చాక ఏడాదిన్నర పాటు రోజూ తెల్లవారి అరగంట కళ్లు మూసుకుని కూర్చునేదాన్ని. కోపం తగ్గింది. 1994 ఏప్రిల్‌లో అన్ని రంగులవాళ్లం కలిసి మొదటిసారి ఓటు వెయ్యడానికి వరసలో ఆరు గంటలు నిలబడ్డాను. మర్నాటి నుంచి ఫలితాల కోసం టీవీ ముందు కూర్చున్నాను. ధ్యానం అక్కడితో సరి.

ఏడు గంటలకి డర్బన్. టాక్సీలు ఆగే రాంకులో అరగంట నిలబడితే పీటర్‌మారిట్జ్‌బర్గ్ టాక్సీ దొరికింది. పన్నెండు రాండ్లు. పక్క సీటులో ఒక జూలూ ఆవిడ, ఒళ్లో కాబేజీల సంచి.

"గోగో, ఎక్కడికి?" అంది. గోగో అంటే వాళ్ల మాటలో అవ్వ.

"కొండ మీదికి. మూడు రోజులు మాట్లాడకుండా కూర్చోవడానికి."

"హాయిబో! దానికి నీకు డబ్బిస్తారా?"

"లేదు, నేనే ఇస్తాను."

ఆవిడ వెనక్కి తిరిగి ఈ సంగతి అందరికీ చెప్పింది. మార్కెట్లో కూరలమ్మిన దాన్ని, జూలూ నాకు బాగా అర్థమవుతుంది. చివరి వరసలోంచి ఒకాయన అన్నాడు, "మా అత్తని కూడా తీసుకుపో గోగో, డబ్బు నేను కడతాను." టాక్సీ అంతా నవ్వింది. నవ్వు ఆగేసరికి పైన్‌టౌన్ దాటాం.

పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో చిక్కుడుగింజల కూరతో రొట్టె తిన్నాను. కూర బాగానే ఉంది, రొట్టె నిన్నటిది. పదకొండుకి బుల్వర్ బస్సు. ఆ వైపు రెండు పార్టీల గొడవలు అప్పటికింకా ఆగలేదు. సైనికులు బస్సు ఆపి సంచులు వెతికారు. ఒక సైనికుడు నా పచ్చడి సీసా పైకెత్తాడు.

"ఇదేంటి?"

"మామిడికాయ. తిని చూడు."

తిన్నాడు. తర్వాత బస్సులో మిగతా సంచులు వెతకలేదు.

ఒకటిన్నరకి బుల్వర్‌లో దిగాను. కేంద్రం వాళ్ల ట్రక్కు వచ్చి కొండ మీదికి తీసుకెళ్లింది. వెళ్లాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు. సెప్టెంబరులో అక్కడ చలి మన ఊరి చలి కాదు, దుప్పట్లు రెండు అడగండి. మంచం గట్టిది, దిండు మీదే తెచ్చుకోండి. భోజనం శాకాహారం, ఉప్పు తక్కువ. గడియారం, పుస్తకాలు గుమ్మం దగ్గరే తీసేసుకుంటారు.

నేర్పే ఆవిడ పేరు మార్గరెట్. డెబ్బై ఏళ్ల తెల్లావిడ, ఒకప్పుడు నర్సు. మొత్తం పదకొండుమందిమి. సోమవారం పదకొండు గంటల దాకా ఎవరూ ఎవరితోనూ మాట్లాడకూడదు. ఆవిడని మాత్రం ఆదివారం ఒక్కొక్కరు పది నిమిషాలు కలవచ్చు.

శనివారం ఐదింటికి గంట. ఊపిరి చూస్తూ కూర్చోవాలి. నేను మోకాలు చూస్తూ కూర్చున్నాను. పక్కన ఒక లావాటి ఆయన ముక్కు ఎగపీలుస్తున్నాడు. 'నీ ముక్కు కాల' అని లోపల అనుకున్నాను. తలుపు చప్పుడు చేసినావిణ్ణి, కిటికీ తెరిచినవాణ్ణి, గంట కొట్టిన మార్గరెట్‌ని, అందర్నీ వరసగా తిట్టుకున్నాను. మధ్యాహ్నం పప్పులో ఉప్పు లేదు. వంటావిడ తెంబి వడ్డిస్తూ నా మొహం చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆదివారం పది గంటలకి నా వంతు.

"ఏం చూశారు, మిసెస్ నాయుడూ?" అంది మార్గరెట్.

"తిట్లు."

"ఎవర్ని?"

"అందర్నీ. నిన్ను కూడా."

"నేనేం చేశాను?"

"గంట మరీ గట్టిగా కొట్టావు."

ఆవిడ తలూపింది. "ఏ భాషలో తిట్టారు?"

"తెలుగులో."

"తెలుగులో ఇంకేమేం అనుకుంటారు?"

వెతుక్కున్నాను. పది నిమిషాలూ అయిపోయాయి. "సాయంత్రం దాకా అదే చూడండి," అంది.

చూశాను. మా అమ్మ చెరకు తోటలో కలుపు తీసేది, ఇంట్లో ఆరుగురం పిల్లలం. మమ్మల్ని తిండికి పిలిచినా, నిద్ర లేపినా తిట్టే పిలిచేది, లేపేది. నేను మా మనవరాలు కెసియాకి స్నానం చేయిస్తూ ఇంగ్లీషు, అన్నం పెడుతూ ఇంగ్లీషు, బడికి పంపుతూ ఇంగ్లీషు మాట్లాడతాను. కోపం వస్తేనే తెలుగు వస్తుంది. ఏడేళ్ల కెసియాకి తెలిసిన తెలుగు మాటలు లెక్కపెట్టాను. సచ్చినదానా, గాడిదా, నోర్ముయ్, నీ జిమ్మడ, ఇంకో ఐదారు. తెలుగుతోపాటు మా అమ్మ కూడా నా కోపంలోనే ఇంటికి వస్తోంది. కోపం పోతే ఆ రెండూ పోతాయి. అందుకే కోపం వదల్లేదేమో. కోపం వదలకుండా ఉండడానికి ఇది సాకు కూడా అయి ఉండవచ్చు. నాకు తేలలేదు కాబట్టి రెండూ రాస్తున్నాను.

సోమవారం సెలవు. కొత్త ప్రభుత్వం ఇచ్చిన వారసత్వ దినం ఆదివారం పడితే సోమవారానికి జరిపారు. పదకొండున్నరకి రాచెల్ కారు తెచ్చింది. వెనక సీటులో కెసియా. కృష్ణకి మిల్లులో డ్యూటీ. వంటావిడ తెంబి పీటర్‌మారిట్జ్‌బర్గ్ దాకా వస్తానంటే ముందు సీటిచ్చాం. నేను కెసియా పక్కన కూర్చున్నాను.

"ఎలా ఉంది మా?" అంది రాచెల్.

"బాగుంది."

"ఈ అమ్మ మూడు రోజులు నా పప్పు తిని ఒక్క మాట అనలేదు," అంది తెంబి. "పాపం చాలా కష్టపడింది."

కొండ దిగే మట్టిరోడ్డు గుంతలమయం. నాలుగో మలుపులో కారు ఎగిరింది. కెసియా చేతిలోని నారింజ రసం సీసా బోర్లాపడి నా తెల్ల చీర మీద మొత్తం ఒలికింది.

నాలుక చివర మూడు మాటలు సిద్ధంగా ఉన్నాయి. అద్దంలో రాచెల్ కళ్లు నన్నే చూస్తున్నాయి. నేను కెసియా వైపు తిరిగాను. అది అప్పటికే రెండు చేతులతో చెవులు మూసుకుని, మెడ లోపలికి లాక్కుని కూర్చుంది. ఏడవడం లేదు. వాన వస్తే గొడుగు తీసినట్టు మూసుకుంది. ఎన్నాళ్ల నుంచి అలా మూసుకుంటోందో నాకు తెలియదు. తిట్టేటప్పుడు నేను ఎప్పుడూ దాని మొహం చూడలేదు.

ఊపిరి తీశాను, వదిలాను. మూడు మాటలూ వెనక్కి పోయాయి. వాటి వెనక నుంచి వేరే తెలుగు వచ్చింది. దాని చేతులు మెల్లగా చెవుల మీంచి తీసి అన్నాను, "పర్లేదు తల్లీ. నీకు తడిసిందా? ఇటు రా."

కెసియా కదల్లేదు. నన్ను, వాళ్లమ్మని మార్చి మార్చి చూసింది.

"మామీ, తల్లీ అంటే బ్యాడ్ వర్డా?"

రాచెల్ కారు పక్కకి తీసి ఆపింది. నవ్వుతుందనుకున్నాను. కిటికీ వైపు తిరిగింది. "కాదు బేబీ. మా అవ్వ నన్ను అలాగే పిలిచేది," అంది.

తెంబి తన తలగుడ్డ విప్పి, తుడుచుకోమని నాకిచ్చింది.

కారు మళ్లీ కదిలింది. బాస్టన్ అనే చిన్న ఊరు దాటాక రాచెల్ అంది, "జొహానెస్‌బర్గ్ వాళ్లు జూన్ దాకా ఆగుతారేమో అడుగుతాను."

"ఆగకపోతే?"

"అడుగుతానన్నాను కదా మా. అప్పుడే తిట్టకండి."

"నేనేం తిట్టలేదు."

"మీ మొహం తిట్టింది."

నిజమే, తిట్టే ఉంటుంది. మొహానికి ఇంకా నేర్పలేదు.

ఆ కొండ మీద సంతోషం దొరుకుతుందా అని నన్ను అడిగేవాళ్లున్నారు. నాకు దొరికింది మట్టిరోడ్డు మీద, తడిసిన చీరతో. కొండ మీద మూడు రోజులు కూర్చోకపోతే అది దొరికేది కాదు. కాబట్టి ఖర్చు దండగ అనను. వెళ్లేవాళ్లు వెళ్లండి. మంగళవారం నుంచి రోజూ పొద్దున అరగంట కూర్చుంటున్నాను. టీవీకి గుడ్డ కప్పి కూర్చుంటాను.

సెప్టెంబరు 25, సోమవారం, మధ్యాహ్నం పన్నెండు గంటల వేళ ఆ కారులో ఉన్నవాళ్లు: నడిపింది మా కోడలు రాచెల్. ముందు సీటులో తెంబి. వెనక మా మనవరాలు కెసియా. దాని పక్కన నేను, అప్పలమ్మ. మా అమ్మ సన్యాసమ్మ కూడా ఉందనే నా లెక్క. ఆవిడ తిట్టకుండా రావడం అదే మొదటిసారి.