దూడలకు కట్టే అడ్డకర్రలు

నా చిన్నప్పుడు మా మావయ్య అంతటి తెలివైనవాడు అనంతగిరి కొండల్లోనే లేడని అనేవారు. అనేది మా మావయ్యే. సాలూరులో ఆరు నెలలు వడ్రంగి దగ్గర పనిచేసి వచ్చాడు. ఆ గొప్పలు మేము ఏళ్ళ తరబడి విన్నాం.

మేము అమ్మమ్మ ఇంట్లోనే ఉండేవాళ్ళం. ఇల్లు కొండవాలులో ఉండేది. గడప దాటితే ఎనిమిది రాతిమెట్లు. మా తమ్ముడికి ఏడాది నిండబోతోంది. పాకడం, పట్టుకుని లేవడం వచ్చాయి గానీ ఆగడం రాలేదు. అమ్మ కాఫీ పళ్ళు కోయడానికి తోటకు పోతే వాణ్ణి చూసుకోవడం నా పని. గడపకు అడ్డం ఏదైనా కట్టమని అమ్మమ్మ అడిగితే, మావయ్య రెండు గుంజలు పాతి, వాటి కన్నాల్లో నాలుగు వెదురుకర్రలు అడ్డంగా దూర్చాడు. పశువులు చేలో పడకుండా మా కొండల్లో అలాగే కడతారు. పైగా ఆ ఘనకార్యం చూడమని ఇరుగుపొరుగును పిలుచుకొచ్చాడు.

మూడో రోజు అమ్మమ్మ వాళ్ళనే మళ్ళీ పిలిచింది. తమ్ముణ్ణి లోపల కూర్చోబెట్టి, తాను పైమెట్టు మీద నిలబడి కాల్చిన మొక్కజొన్న పొత్తు చూపించింది. వాడు ఒక కర్ర పట్టుకున్నాడు, ఇంకో కర్ర మీద కాలేశాడు, చకచకా ఎక్కి పైకర్ర మీద బోర్లాపడ్డాడు. అవతలికి ఒరిగేలోపు అమ్మమ్మ మొలతాడు పట్టుకుని వాణ్ణి చంకనేసుకుంది.

"దూడకి సేతులుండవురా. గుంటడికి ఉన్నాయి. ఆ మాత్రం సూసుకోవా?" అంది మావయ్యతో.

అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. అమ్మమ్మ నా వైపు తిరిగింది.

"నువ్వేటే నవ్వుతన్నావు? నిన్న నువ్వు ఈడ్ని కర్ర మీంచి దించుతుంటే వంటింట్లోంచి సూసినాను. ఎవులికీ సెప్పలేదేటి?"

చెప్పలేదు. ముందురోజు రెండుసార్లు దించాను. మావయ్య పరువు నలుగురిలో పోతే చూడాలని నోరు మూసుకున్నాను. కింద రాతిమెట్లు ఉన్నాయని తెలిసే మూసుకున్నాను. మావయ్యకు తెలివి లేదు, అంతే. నాకు ఆ సాకు కూడా లేదు.

సాయంత్రానికి మావయ్య వెదురు చీల్చి, బద్దలు నిలువుగా, బిడ్డ తల దూరనంత దగ్గరగా పెట్టి తడక కట్టాడు. మర్నాటి నుంచి ఆ ఆలోచన కూడా తనదేనన్నాడు.

ఈమధ్య మా అబ్బాయి తన కూతురి కోసం మేడమెట్ల దగ్గర పెట్టే గేటు ఫోన్‌లో వెతికాడు. రెండు రోజులు ఎవరెవరో రాసిన అభిప్రాయాలన్నీ చదివి, చివరికి గోడ రంగుకు నప్పిందని ఒకటి ఎంచాడు. దానికి ఉన్నవన్నీ అడ్డకడ్డీలే. ఇంత చదువూ ఇందుకా అనిపించింది. తెప్పించుకోనీ, వాడికే తెలిసొస్తుంది అని ఒక్క క్షణం అనుకున్నాను. అనుకున్నందుకు నా మీద నాకే రోత పుట్టింది. నిలువు కడ్డీలది, గోడకు మరలతో బిగించేది చూడమని వెంటనే చెప్పాను. విసుక్కుంటూనే మార్చాడు.

తెలివితక్కువ పని చూస్తే నాకు ఇప్పటికీ నవ్వు ఆగదు. కానీ ముందు నోరు విప్పి చెబుతాను. బిడ్డ క్షేమంగా నేలమీద ఉందని చూసుకున్నాకే నవ్వుకుంటాను.