స్తంభం పక్కన ఆమె చోటు

మాఘమాసం వెళ్ళేసరికి పాతపట్నంలో మా పెరడంతా పుల్లటి వాసన పట్టేస్తుంది. కొండల మీంచి దిగిన చింతపండు బస్తాలు రేకుల షెడ్డులో పేర్చి ఉంటాయి. వాటి ముందు పన్నెండు మంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని పిక్క తీస్తారు. పండును రాతి మీద పెట్టి చిన్న కర్రతో ఒక్క దెబ్బ వేస్తే గుజ్జు చీలుతుంది. వేళ్ళతో పిక్కనీ పీచునీ లాగెయ్యాలి. చూడ్డానికి ఇంతే.

సాయంత్రం ఎవరు తీసిన పండు వాళ్ళు తూకానికి తెస్తారు. ఆ కాటా దగ్గర కూర్చునే పని నాది. శృంగవరపుకోట నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాదే మా మావగారు దాన్ని నాకు అప్పగించారు. నేను బడి మెట్టు ఎక్కినదాన్ని కాను. చదువూ లెక్కలూ మా నాన్నగారు దేవుడి గదిలో కూర్చోబెట్టి నేర్పినవే. అవి ఇన్నాళ్ళూ పనికొస్తున్నందుకు రోజూ దీపం పెట్టేటప్పుడు ఆయన్ని తలుచుకుంటాను.

షెడ్డు మధ్యలో స్తంభం పక్కన ఒక రాయి ఉంది. అక్కడ కూర్చుంటే వీపు ఆనించుకోవచ్చు, పెరటి గాలి తగులుతుంది. అందుకే అది అందరికంటే ఎక్కువ పండు తీసే మనిషి చోటు. పద్దెనిమిది ఏళ్ళుగా అది ఒక పెద్దావిడదే. ఊరికి దూరంగా ఒక పల్లెలో ఉంటుంది, ఆటోలో వస్తుంది. భర్త పోయాక ఆమెకు ప్రభుత్వం పింఛను ఇస్తోంది.

మా ఆయన మంచి మనిషే. కానీ కొట్టు ముందు బల్ల మీద నలుగురు చేరితే మాట ఎక్కడ మొదలైనా ఉచిత బియ్యం దగ్గరికీ పింఛన్ల దగ్గరికీ వచ్చి ఆగుతుంది. ఆ వేడిలోనే ఒకరోజు షెడ్డులోకి వచ్చారు.

“బియ్యం ఊరకే, డబ్బులు ఊరకే. ఇంకో రెండేళ్ళకి పిక్క తీసీ మనిషే దొరకదు.”

పెద్దావిడ చేతిలో కర్ర ఆగలేదు. “సావుకారూ, గుళ్ళో పెసాదం ఊరకే పెడతన్నారు కదా. రోజూ తింతన్నావు. మరి మీ ఇంట్లో వొంట మానీసినారేటి?”

షెడ్డంతా గొల్లుమంది. “నీ నోటికి పన్ను వెయ్యాలే” అని మా ఆయన నవ్వుతూ వెళ్ళిపోయారు.

ఆ తర్వాతి నెల ఒకటో తారీఖున ఆమె పనిలోకి రాలేదు. రెండోనాడూ రాలేదు.

“పింఛను పుచ్చుకుని తొంగుంది,” అన్నారు మా ఆయన. “నాను సెప్పలేదేటి?”

ఐదు రోజులు గడిచాయి. ఆకాశం మబ్బు పట్టింది. చెమ్మ గాలి తగిలితే పిక్క తీయని పండు నల్లబడిపోతుంది. ఇంకా సగం బస్తాలు విప్పనేలేదు. “సోమారం దాకా సూస్తాను. రాకపోతే ఆ సోటు ఇంకోలికి,” అని మా ఆయన అందరి ముందూ అనేశారు. నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే నాకూ కోపంగానే ఉంది. ఇన్నేళ్ళ మనిషి, రానని ఒక్క మాట కబురు పంపకూడదా అనుకున్నాను.

శనివారం పూజ ముగించుకుని ఆటో ఎక్కి ఆమె ఇంటికి వెళ్ళాను. మా ఆయన చెప్పినట్టే ఉంది. అరుగు మీద కాళ్ళు బారజాపుకుని, రెండు చేతులకీ కొబ్బరినూనె రాసుకుని, వేళ్ళు విడదీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“ఓలమ్మా, సావుకారమ్మా! నా సేతులు నూనె. ఆ కుర్సీ నువ్వే లాక్కో.”

“కుర్చీ సంగతి తరవాత. అక్కడ పండు పాడైపోతంటే ఇక్కడ నూనె రాసుకుని కూకున్నావా? పింఛను వచ్చిందని పని మానీసినావేటి?”

“పింఛను రావాలనే మానీసినాను,” అంది.

అప్పుడు కూర్చున్నాను. ఆమె చెప్పింది.

“రెండు నెల్లయి పింఛను నేదు. ఇచ్చీ పిల్ల మంచిదే, మిసను తెచ్చి నా పది ఏల్లూ పెట్టించింది. ఒక్క ముద్రా పడనేదు. కన్ను సూసింది. పొర కమ్మీసినాది కదా, అదీ పడనేదు. ‘మామ్మా, నీ ఏల్లకి గీతలే నేవు. పది రోజులు పులుపు ముట్టుకోకు, నూనె రాయి, మల్లీ వస్తాను’ అన్నాది.”

“మరి పోయిన నెలంతా వచ్చావు కదా!”

“నడిసొచ్చినాను. కూలి ఇంట్లోకే సరిపోతాది. ఆటోకీ, మోకాలి మాత్తర్లకీ ఆ పింఛనే. అది ఆగిపోతే నానూ ఆగిపోనాను.” నా మొహం చూడకుండా అడిగింది. “నా సోటు ఉంచుతాడా సావుకారు?”

ఆమె చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. వేళ్ళ కొసలు పైతొక్క ఊడిన చింతపిక్కలా నున్నగా ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళు నేను తూచిన పండే ఆ గీతల్ని తినేసింది. రోజూ సాయంత్రం ఆ చేతుల్లోంచే తట్ట అందుకున్నాను. ఒక్కనాడూ చూడలేదు.

“సోమారం ఆటో పంపిస్తాను, రా,” అన్నాను.

“పులుపు ముట్టుకోకూడదు కదా?”

“ముట్టుకోవద్దు. నా కాటా దగ్గర కూకో. నీ రాయి దగ్గర నేను కూకుంటాను.”

మా ఆయనకి చెప్పాను. “నువ్వా? పిక్క తీస్తావా?” అని మాత్రం అడిగారు.

సోమవారం స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నాను. మొదటి గంటలోనే కర్ర నా బొటనవేలి మీద పడింది. సాయంత్రం నా తట్ట కాటా మీద పెడితే ఆవిడ పండులో వేలు ముంచకుండా, కర్రతో కెలికి చూసింది.

“సావుకారమ్మా, ఇందులో పిక్కలున్నాయి. పీచుంది. ఇది పండా, గడ్డివామా? మల్లీ తియ్యి.”

మూడో రోజుకి నా వేళ్ళ చివర్లు పగిలాయి. పగుళ్ళలోకి పులుపు దిగితే ఎలా ఉంటుందో ఆ రాత్రి పత్తి పట్టుకుని వత్తి చేస్తున్నప్పుడు తెలిసింది. మంట. అయినా దేవుడి ముందు కూర్చుని నేను అడిగింది మంట తగ్గమని కాదు. ఇంత ఆలస్యంగానైనా ఆ రాయి దగ్గర కూర్చోబెట్టినందుకు దండం పెట్టుకున్నాను.

ఊరకే ఇస్తే జనం పని మానేస్తారా అని ఇప్పుడెవరైనా అడిగితే నేను తడుముకోను. పింఛను డబ్బుల్ని నేరుగా సారా కొట్టుకి చేర్చేవాళ్ళు లేకపోలేదు. మా వీధిలోనే ఒకాయన ఉన్నాడు. పింఛను రాకముందు కూడా ఆయన పని చేసినట్టు నేనెరుగను. కానీ ఈ పన్నెండు మంది సంగతి నాకు తెలుసు. ఆ కాస్త ఆసరా వాళ్ళని మంచం మీద పడుకోబెట్టడం లేదు, మంచం మీంచి లేపి మా షెడ్డు దాకా తెస్తోంది. నాకైతే తిండికి లోటు లేదు, మెడలో గొలుసు ఉంది, నెత్తిన నీడ ఉంది. ఏ రోజూ పని మానలేదు. వాళ్ళు మాత్రం ఆ కాస్తకే మానేస్తారని ఎలా అనుకున్నానో!

పింఛను ఇచ్చే అమ్మాయి రెండో వారం గురువారం పొద్దున్న మళ్ళీ వాళ్ళింటికి వస్తానని కబురు చేసింది. అందుకని పెద్దావిడ ఆ పూట రానంది.

“ఏలు పడితే ఇంక రాదు, సూడు,” అన్నారు మా ఆయన. ఈసారి గొంతులో మునుపటి ధీమా లేదు.

పది గంటలకి పెరటి గుమ్మం దగ్గర ఆటో ఆగింది. ఆవిడ ఒక చేత్తో మాత్రల సంచీ, ఒక చేత్తో మోకాలు పట్టుకుని దిగింది. అందరూ కర్రలు ఆపారు. ఎడమ చెయ్యి పైకెత్తి చిటికెనవేలు చూపించింది.

“ఇది పడ్డాది!”

షెడ్డు మళ్ళీ గొల్లుమంది. నేరుగా నా దగ్గరికొచ్చింది.

“లెగు సావుకారమ్మా. నువ్వు తీసిన పండు ఈ ఊర్లో ఎవులూ కొనరు. నీ కాటా కాడికి నువ్వెల్లు.”

లేచాను. ఆవిడ స్తంభానికి వీపు ఆనించి కూర్చుంది. కర్ర అందుకోబోయి ఆగి, ఆ చిటికెనవేలి వైపు చూసుకుని, కొంగు అంచు దానికి చుట్టబోయింది. ఈ ఒక్క వేలినైనా పులుపు నుంచి దాచుకోవాలి కదా. కొంగు చుడితే చెయ్యి ఆడటం లేదు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న మా ఆయన లోపలికి వచ్చారు. భుజం మీది తువ్వాలు తీసి, అంచు చించి, ఆ పేలిక ఆవిడ ముందు పెట్టారు. ఆమె దాన్ని వేలికి గట్టిగా చుట్టుకుని ముడి వేసుకుంది.

“ఇది ఊరకేనా సావుకారూ?” అంది. “ఊరకే ఇస్తే పని మానీసెస్తాను మరి.”

అంటూనే కర్ర అందుకుంది.