రెండు కోర్టుల నడుమ నడిచిన మా సారు

మా సారు ఇక లేరని నాకు కోర్టు గేటు దగ్గర తెలిసింది. మేడ్చల్‌లో బస్సు దిగి, కేసు కట్ట చంకలో పెట్టుకుని గబగబా వస్తుంటే మా గుమస్తా ఎదురొచ్చాడు. తెల్లవారుజామున అల్వాల్‌లో, ఇంట్లోనే, సారుకు గుండె ఆగిపోయిందని చెప్పాడు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "మన కేసు ఇయ్యాల పిలుస్తరా?" అని. విన్నవాళ్లు నన్ను రాయి అనుకుని ఉంటారు. సారు నా చోట ఉంటే ఆయనా అదే అడిగేవారు.

అది వేసవి సెలవుల ముందు చివరి పనిరోజు. రెండు జిల్లాల కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగిన మా చెరువు కేసులో ఆ రోజు ఆర్డరు రావాలి. వానలకు ముందు వస్తేనే దానికి అర్థం. మా చెరువులోకి వచ్చే వాగు ఎగువన ఉన్న మందుల ఫ్యాక్టరీ వాళ్లు ఎండాకాలమంతా మురుగును ఒక గుంటలో నిలవచేస్తారు. తొలి వాన పడగానే వాగులోకి వదులుతారు. వాన నీళ్లలో కలిస్తే ఎవరు పట్టుకుంటారని వాళ్ల ధీమా. ఏటా మా చేపలు అందుకే చస్తున్నాయి.

మాది అలియాబాద్ దాటి లోపలికి పోతే వచ్చే చిన్న ఊరు. బాపు చేపలు పడతాడు, అమ్మ గంప ఎత్తుకుని షామీర్‌పేటలో అమ్ముతుంది. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేనే. చెరువు నిండా చేపలు తెల్లగా తేలిన మొదటి ఏడాది, బాపు చేపల సంఘం వాళ్లతో కలిసి వకీలు సారు ఇంటికి పోతూ, కాగితాలు చదవడానికని నన్ను వెంట తీసుకుపోయాడు. అప్పుడు నేను ఇంటర్‌లో ఉన్నాను. సారు కుర్చీ చూపించారు. బాపు కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "నువ్వు కూసుంటెనే నేను మాట్లాడుత," అని సారు కూడా లేచి నిలబడ్డారు. చివరికి ఇద్దరూ కూర్చున్నారు. వచ్చేటప్పుడు నన్ను చూపించి, "గీ పిల్లను లా చదివియ్యి. నా తర్వాత గూడ గీ కేసు నడిచేటట్టే ఉన్నది," అన్నారు. అందరం నవ్వాం. నేను లా చదివి ఆయన దగ్గరే జూనియర్‌గా చేరాను.

ఆయన పెద్ద పేరున్న వకీలు కాదు. బస్సులో నల్లకోటు వేసుకునేవారు కాదు. తిరగేసి మడిచి పేపర్లో చుట్టి ఒళ్లో పెట్టుకునేవారు. కోటు చూస్తే జనం సీటు ఇస్తారనీ, లేచినవాడికి కాళ్లు నొప్పులుండవా అనీ ఆయన వాదన. ఆదివారాలు వాగు వెంట నడిచి, సీసాలో నీళ్లు పట్టి తెచ్చి, కోర్టులో వకీళ్లు కూర్చునే బార్ రూములో టేబుల్ మీద పెట్టేవారు. ఫ్యాక్టరీ తరఫు వకీలు వచ్చి కూర్చుంటే సీసా అటు జరిపి, "దూప అయితున్నట్టున్నది అన్నా, జర గొంతు తడుపుకో," అనేవారు. ఆ వకీలు నవ్వి కుర్చీ మార్చుకునేవాడు.

సారు కోపమంతా వాగు మీది ఒక కల్వర్టు మీద. అక్కడ మా జిల్లా అయిపోయి మెదక్ జిల్లా మొదలవుతుంది. ఫ్యాక్టరీ అటు, చెరువు ఇటు. చూసి నివేదిక రాయమని మా కోర్టు పంపిన కమిషనర్ కల్వర్టు దాకా వచ్చి, అవతల తన హద్దు కాదని ఆగిపోయాడు. వాగు మురికిగా ఉందని రాశాడు కానీ మురికి ఎక్కడిదో రాయలేదు. అవతలి కోర్టులో బోర్లు చెడిన రైతులు వేసిన కేసు నడుస్తోంది. అక్కడి కమిషనరేమో ఫ్యాక్టరీ చూసి, చచ్చిన చేపలు తన హద్దులో లేవని రాశాడు. "ఇసం ఒక కోర్టు కింద, చచ్చిన చేప ఇంకో కోర్టు కింద. ఎవ్వరిదీ తప్పు గాదు, చూస్తివా బిడ్డా," అన్నారు సారు.

ఆ రోజుల్లోనే నగరంలో ఒక పెద్ద హోటల్లో ఇరుగుపొరుగు దేశాల జడ్జీల సదస్సు జరిగింది. పర్యావరణాన్ని కాపాడటానికి కోర్టులు ఒకదానికొకటి ఎలా సాయపడాలన్నది విషయం. సారు ఎట్లాగో పాసులు సంపాదించి నన్నూ తీసుకుపోయారు. నదులు సరిహద్దులు ఎరగవని ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. చప్పట్లు మోగాయి. టీ విరామంలో సారు ఒక పొరుగుదేశపు జడ్జిగారిని ఆపి, మీరు దేశాల గురించి మాట్లాడుతున్నారు, మా వాగు జిల్లా దాటలేకపోతోందని తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పుకున్నారు. ఆమె టీ కప్పు పక్కన పెట్టి మొత్తం విన్నారు. తమ దగ్గర ఒకసారి రెండు కోర్టులు ఒకే మనిషిని పంపి, ఒకే నివేదికను రెండుచోట్లా స్వీకరించాయని చెప్పి, మీరు అడిగి చూశారా అన్నారు.

సారు ఎన్నడూ అడగలేదు. ఎవరూ అడగలేదు. ఒక కోర్టు ఇంకో కోర్టు సాయం కోరడానికి చట్టంలో దారి ఉంది, మనకు అలవాటు లేదు. మర్నాటి నుంచి సారు రెండు కోర్టుల మెట్లూ అరగదీశారు. సదస్సులో ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టిన ఒక పెద్ద వకీలే, ఇట్లాంటి కొత్త పోకడలు వద్దని సారుకు హితవు చెప్పాడు. అయినా చివరికి ఇద్దరు జడ్జీలూ ఒప్పుకున్నారు. వాళ్లకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. ఒకే కమిషనర్ చెరువు నుంచి కల్వర్టు దాటి, ఫ్యాక్టరీ గోడ దాకా నడిచాడు. వెనకవైపు నిండిన గుంటను, అక్కడినుంచి వాగుకు తవ్విన కాలువను చూసి రాశాడు. మా కోర్టు ఆర్డరిస్తే అవతలి కోర్టు అమలు చేయించాలని ఏర్పాటు. గుంట ఖాళీ చేసి కాలువ పూడ్చాలని ఆ రోజు ఆర్డరు రావాలి.

ఒక వకీలు చనిపోతే ఆ రోజు మిగతా వకీళ్లు కోర్టు పనికి పోకపోవడం మా దగ్గర ఆచారం. సంతాప సభ పెడతారు, కేసులన్నీ వాయిదా పడతాయి. సారుకు ఈ ఆచారం గిట్టేది కాదు. జ్వరంతో వచ్చి వాదించేవారు. "మనం వాయిదా తీసుకుంటం. ఫ్యాక్టరీ తీసుకుంటదా?" అనేవారు. నేను వకీళ్ల సంఘం, అదే బార్, అధ్యక్షుడి దగ్గరికి పోయి, ఈ ఒక్క కేసు పిలిపించమని అడిగాను.

"సారు మీద గౌరవం లేదామ్మా నీకు?" అన్నాడు.

"గౌరవం ఉన్నందుకే అడుగుతున్న సార్. వానలొస్తె ఆర్డరు ఎందుకూ పనికిరాదు."

"నిన్నగాక మొన్న వచ్చినవ్. శవం ఇంట్ల ఉండంగ వాదిస్తవా? ఏమనుకుంటరు నిన్ను?"

సంతాప సభలో అందరికంటే ఎక్కువసేపు మాట్లాడింది ఫ్యాక్టరీ వకీలు. సారు నిజాయితీ గురించి చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత కోర్టు హాల్లోకి పోయి మా కేసుకు సెలవుల తర్వాతి తేదీ తీసుకున్నాడు. నేను లేచి, ఇవాళే వినండని జడ్జిగారిని బతిమాలాను. వకీళ్లెవరూ పనిచేయనప్పుడు ఒక పక్షాన్నే ఎలా వినమంటావని ఆయన తల దించుకునే అన్నారు. నా వెనక ఎవరో, సారు పోయి ఒక పూట కాలేదు, అప్పుడే పేరు కోసం చూస్తోందన్నారు. సారు కేసు కాగితాల పెట్టె వాళ్లెవరూ ఒక్కరోజు మోయలేదు. శవం మీద వేసే దండకు మాత్రం పోటీపడ్డారు.

సెలవుల్లో అత్యవసర కేసులు వినే సెలవు కోర్టుకూ పోయాను. రెండు జిల్లాల కాగితాలు ఒకచోటికి తెప్పించే అధికారం తమకు లేదన్నారు. కోర్టులు తెరవకముందే వాన కురిసింది.

కొత్తనీరు వచ్చే రోజు మా వాళ్లు వల వేయరు. ఆ రోజు చేపలు గుడ్లు పెట్టడానికి వాగుకు ఎదురెక్కుతాయి. ఎక్కనిస్తేనే మళ్లీ ఏడాదికి చేప. వాన తెరిపి ఇచ్చాక నేను పోయేసరికి వాగు చెరువులో కలిసే మూతి దగ్గర పసుపుపచ్చని నురగ దిగుతోంది. బాపూ, సంఘం వాళ్లూ నడుములోతు నీళ్లలో దిగి, వాగుకు అడ్డంగా వల పట్టుకుని వరుసగా నిలబడ్డారు. పట్టుకోవడానికి కాదు, చేపల్ని వెనక్కి చెరువులోకి మళ్లించడానికి. "పోకున్రే, అటు పోకున్రే," అని బాపు నీళ్లను చేత్తో కొడుతున్నాడు. చేపలు ఒక్కొక్కటే వల మీదినుంచి ఎగిరి, ఆ నురగలోకి దూకుతూనే ఉన్నాయి.