మధ్యాహ్నమే వెలిగించిన దీపం

కరెంటు వచ్చిందంటే చాలు, మా మనవరాలు కొవ్వొత్తిని నోటితో ఊదేస్తుంది. ఆ కాలిన వత్తి వాసన తగలగానే నాకు షార్జా గుర్తొస్తుంది, విమల మేడమ్ గుర్తొస్తారు. ఆ వెనకే రూతు గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది.

అప్పట్లో నేను షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక వర్క్‌షాపు టైపిస్టును. పోస్టులో పాఠాలు తెప్పించుకుని సోషియాలజీ ఎం.ఏ. చదివేవాణ్ణి. విమల మేడమ్ రాజమండ్రి మనిషి. డాక్టరేట్ చేసి, షార్జాలోనే ఒక పాఠశాలలో చరిత్ర చెప్పేవారు. శుక్రవారాలు నాకూ, భీమవరం వైపు నుంచి వచ్చిన నర్సు రూతుకూ మేడమ్ ఇంట్లోనే పాఠం. రూతుదీ నా చదువే. యుద్ధం మనుషుల ఆచారాలనూ అలవాట్లనూ ఎలా మారుస్తుందన్నది మేమిద్దరం పట్టుకున్న అంశం. ఇరాన్, ఇరాక్ కొట్టుకుంటున్న రోజులవి. సిద్ధాంత వ్యాసానికి మేడమ్ ఒక్కరికే మార్గదర్శిగా ఉండాలని యూనివర్సిటీ నిబంధన. ఆ ఒక్కరూ నేనేనని తెలిసినవాళ్లందరికీ చెప్పుకున్నాను.

రూతు డ్యూటీ దిగి ఆలస్యంగా వస్తే, "రామ్మా, ముందు ఇంత ఉప్మా తిను" అనేవారు మేడమ్. నాకు ఆలస్యమైతే గోడ గడియారం వైపు చూసేవారు. ఇలాంటివి నేను మరిచిపోను.

మా కంపెనీ క్యాంపులో మా జగిత్యాల వైపు వాళ్లు కొందరుండేవారు. ఇరాక్‌లోని బస్రాలో పనిచేస్తుండగా యుద్ధం వచ్చి, బయటపడి ఇక్కడికి చేరినవాళ్లు. వాళ్ల దగ్గర వివరాలు రాసుకుందామని ఒక సాయంత్రం ఆఫీసు ఫైలు చంకన పెట్టుకుని వెళ్లాను. ముదీర్, అంటే మేనేజరు, పంపిన మనిషిననుకున్నారు కాబోలు, ఏమడిగినా "అంత మంచిగనే ఉండె సార్" అన్నారు. పొద్దుగూకింది. దేవుడి పటం ముందు ప్రమిద అప్పటికే కొండెక్కి ఉంది. సందెవేళ దీపం లేని గది నాకు నచ్చదు. నూనె పోసి నేనే వెలిగించాను. మల్లయ్య అనే మేస్త్రీ ఒక్క అంగలో వచ్చి దాన్ని ఉఫ్‌మని ఊదేశాడు.

"ఏందే మల్లయ్యా, దేవుని దీపాన్ని నోటితోని ఊదుతవా? దుబాయ్‌కొచ్చి దేవుణ్ణే మరిచినవా?" అని తిట్టాను.

"ఖలాస్ సార్, ఖలాస్. కోపానికి రాకురి" అని అతను తలుపు దగ్గరికి వేశాడు.

ఆ శుక్రవారం మేడమ్‌తో ఈ అపచారం గురించి చెప్పుకున్నాను. రూతు పక్కనే కూర్చుని వింది. మరుసటి వారం మేడమ్‌ను వెంటబెట్టుకుని క్యాంపుకు వెళ్లింది. వచ్చాక పాఠంలో చెప్పింది: "బస్రాలో చీకటి పడ్డాక వెలుతురు కనపడకూడదంటండి, బాంబులేస్తారని. అందుకని మధ్యాహ్నమే దీపం పెట్టేసుకునేవాళ్లంట. ఇక్కడ ఎవరూ వద్దనకపోయినా సందేళ పెట్టడానికి చెయ్యి రావట్లేదంటండి. పాపం, దేవుడికే టైము మార్చేశారు."

"ఇదమ్మా మనం వెతుకుతున్నది!" అని మేడమ్ ఆమె భుజం తట్టారు.

"మేడమ్, అది నేను చూసిందే కదా!"

"చూశావు. ఎందుకూదావని అడిగావా?"

నేను నా నోటుపుస్తకం తిప్పి చూశాను; ఆ ప్రశ్న అందులో లేదు.

"నువ్వు తెచ్చింది ఫిర్యాదు, రాజేశం. ఆమె తెచ్చింది సమాధానం."

మేడమ్ ఆ ఒక్కరిగా రూతునే ఎంచుకున్నారు. ఆ దీపం మీదే ఆమె వ్యాసం రాసింది, ఫస్ట్ క్లాసులో ప్యాసైంది. వత్తి నాది, నూనె నాది, తిట్టిన నోరు నాది. పేరు మాత్రం ఆమెది. దేవుడి పటం ముందు దీపం పెట్టే అలవాటు కూడా లేని క్రైస్తవ పిల్లకు కనిపించింది, మల్లయ్య వాళ్ల పక్క ఊరివాణ్ణైన నాకెందుకు కనిపించలేదని మా గదిలో వాళ్లు నవ్వారు.

మేడమ్ ఉద్యోగం మానేసి ఇండియాకు వెళ్లిపోతున్నప్పుడు విమానాశ్రయంలో పెట్టె మోసింది నేనే. రూతుకు ఆ రోజు డ్యూటీ. ఇక ఆగలేక అడిగేశాను: "నాకేం తక్కువని ఆమెను తీసుకున్నారు మేడమ్?"

ఆమె నా చేతిలోంచి పెట్టె అందుకున్నారు. "నేను వదిలేస్తే రూతు చదువు మానేసేది. నిన్ను వదిలేస్తే నా మీద పంతంతోనైనా పూర్తి చేస్తావు. చేస్తావా, లేదా?"

చేశాను. వేరే గురువు దగ్గర, మరుసటి ఏడాదే, పళ్లు కొరుక్కుంటూ రాశాను. తర్వాత మా వైపే కాలేజీలో పాఠాలు చెప్పాను. ఎవరైనా నాకు నచ్చని పని చేస్తే, నోరు లేచేలోపు "ఎందుకు?" అన్న మాట ముందు వస్తుంది. అది ఆమె పెట్టిన అలవాటే. నన్ను అంత సరిగ్గా లెక్కగట్టినందుకు మాత్రం ఆమెను ఈ రోజుకూ క్షమించలేదు.