కాంటా పరంజ్యోతి

ముత్తంగి లారీకాంటా దగ్గర పరంజ్యోతి కంప్యూటర్ తెర మీద అంకె వణకడం ఆగేదాకా గట్టిగా ఊపిరి కూడా తీయడు. చాయ్ కావాలా అని అడిగినా మీసం దువ్వుకుంటూ, “జెర సోంచాయించనియ్యి” అంటాడు. దీర్ఘంగా ఆలోచించడాన్ని ఇంగ్లీషులో ‘పాండర్’ అంటారు. లాటిన్‌లో దాని మూలార్థం తూచడమట. లాటిన్‌వాళ్లు ఇతన్ని చూసే ఆ మాట పుట్టించి ఉంటారు. తనలాగే తోడు పోయిన క్యాంటీన్ సువార్తమ్మ పెళ్లి మాటెత్తి ఏడాదయినా జవాబు లేదు. నిన్న ఆమె నేరుగా కాంటా ఎక్కి నిలబడింది. వెనక లారీలు హారన్లు మోగించాయి.

“అవునో కాదో చెప్పేదాక దిగ.”

“అంకె ఇంకా ఆగలే, సువార్తా.”

“నా కాళ్లు వణుకుతున్నయ్. ఎట్ల ఆగుతది?”

పరంజ్యోతి తెర వదిలి వచ్చి, ఆమె పక్కన నిలబడి, “అవు” అన్నాడు.

“అన్నా, మా లారీ సంగతేంది?” అరిచాడు డ్రైవర్.

“ఇయ్యాల కాంటా బంద్!” అన్నది సువార్తమ్మ.