గెట్టుకు ఇవతలి టేకు

అమ్రాబాద్ మండలంలో అడవి అంచున ఉన్న ఆ ఊళ్లో లక్ష్మీదేవమ్మకు లేనిదంటూ పెద్దగా ఏమీ లేదు. చెలక, నీళ్లున్న బోరు, స్లాబు ఇల్లు, చెప్పిన మాట వినే మొగుడు తిరుపతయ్య. ఉన్న బాధల్లా ఒక్కటే, తోడికోడలు బాలమణికి కూడా ఇవన్నీ ఉండటం.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. లక్ష్మీదేవమ్మ విషయంలో అది కూడా సరిపోదు. బాలమణి ఏనాడూ ఆమెను చూసి నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, తిట్టడానికి ఒక సాకైనా దొరికేది.

అన్నదమ్ములు తిరుపతయ్య, బాలకిష్టయ్య వేరుపడ్డ ఏడాది అటవీశాఖ నర్సరీ వాళ్లు టేకు మొక్కలు పంచారు. తోడికోడళ్లిద్దరూ ఒకే రోజు చెరొకటి నాటుకున్నారు. రెండు చేన్ల నడుమ ఒక్క గెట్టే అడ్డం. బాలమణి మొక్క చేను కొసన పల్లంలో, వాగు ఊట తగిలేచోట పడింది. లక్ష్మీదేవమ్మది గెట్టు పక్కనే రాళ్ల మిట్ట మీద. పల్లంలోది ఒక మనిషి కౌగిలికి అందనంత బలిస్తే, మిట్ట మీదిది ఆకు వేయడానికే ఆయాసపడేది. కూలికి వచ్చినవాళ్లంతా బాలమణి చెట్టు నీడకే పోయి సద్ది విప్పుకునేవాళ్లు. అది చూసినప్పుడల్లా లక్ష్మీదేవమ్మ కళ్లలో నిప్పులు పోసుకునేది. మొక్కలు పంచేటప్పుడే మంచిది బాలమణికి పోయిందని ఆమె నమ్మకం. నేలలో తేడా ఉందని ఎవరైనా చెబితే వాళ్ల మీదా కోపమే.

రెండువేల పదిహేనులో వానలు మొహం చాటేశాయి. బాలకిష్టయ్య బోరు ఎండిపోయింది. గెట్టుకు అవతల అతని పత్తి పూత మీద ఉంది. తిరుపతయ్య ఆ ఏడు హైదరాబాద్‌లో బిల్డింగ్ పనికి పోవడంతో లక్ష్మీదేవమ్మ చేను బీడు పెట్టింది. నీళ్లతో ఆమెకు పనే లేదు. బాలకిష్టయ్య, బాలమణి కలిసి వచ్చి ఆమె గుమ్మం ముందు నిలబడ్డారు.

“ఒక్క తడి ఇయ్యి వదినె. పూత నిలవడ్తది,” అన్నాడు బాలకిష్టయ్య.

“నీళ్లేడున్నయి మరిదీ? మా బోరు గూడ పాయె. మోటర్ పెడితే గాలి కొడుతున్నది.”

గాలీ లేదు, గీలీ లేదు. బోరు నిండుగా పోస్తోంది. కానీ అంత కరువులోనూ వాగు ఊటకు బాలమణి చెట్టు పచ్చగా నిలబడి ఉంది. మిట్ట మీది టేకు మాత్రం ఆకు రాలుస్తోంది. దానిది పచ్చగుండి నాది మోడు కావాల్నా అనుకుంది లక్ష్మీదేవమ్మ. ఊరంతా ఇళ్లకు చేరాక పైపు ఈడ్చుకుపోయి టేకు మొదట్లో పెట్టేది. ఆ నీళ్లకు చెట్టు తేరుకుంది. పత్తి మాడిపోయింది. బాలకిష్టయ్య, బాలమణి ముంబైకి వలస పోయారు. పోతూపోతూ బాలమణి ఇంటి తాళంచెవి ఆమె చేతిలోనే పెట్టింది.

“మాకంటే నువ్వే పరేషాన్ల ఉన్నవు అక్కా. ఇంట్ల మొగోడు లేడు, బోరు గూడ పాయె,” అని ఆమె కోసం కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ కన్నీళ్లను లక్ష్మీదేవమ్మ ఈనాటికీ క్షమించలేదు.

వాళ్లు మళ్లీ ఊరికి వచ్చారు, బోర్లలోకి మళ్లీ నీళ్లొచ్చాయి. ఇన్నేళ్లుగా ఆ అబద్ధం చల్లగా దాగి ఉంది. మొన్న చలికాలంలో యమున వచ్చింది.

యమున హైదరాబాద్‌లో పెద్ద చదువు చదువుతూ అమ్రాబాద్ అడవి టేకుచెట్ల మీద పరిశోధన చేస్తోంది. లోపల డొల్లగా ఉండి చేత్తో తిప్పే బర్మాతో చెట్టు నడిమధ్య దాకా తొలిచి పెన్సిలంత లావు పుల్ల తీస్తుంది. ఆ పుల్ల మీద ఏడాదికొక వలయం కనబడుతుంది. వాన పడిన ఏడు వెడల్పు, కరువు ఏడు ఇరుకు. ఎక్కడో పసిఫిక్ సముద్రం వేడెక్కిన ఏడు మన నైరుతి గాలుల జోరు తగ్గవచ్చనీ, వాన తప్పితే ఆ సంగతి ఇక్కడి చెట్టు కడుపులో పడుతుందనీ అడిగిన ప్రతివాళ్లకూ విసుగు లేకుండా చెప్పేది. ఏడాదికి ఒకే వలయం పడుతుందని రుజువు చేసుకోవడానికి నాటిన ఏడు ఖాయంగా తెలిసిన చెట్టు కావాలంటే, ఊరివాళ్లు ఈ రెండూ చూపించారు.

పల్లంలోని చెట్టు చుట్టూ తిరిగి యమున పెదవి విరిచింది. “దీనికి ఎప్పుడూ ఊట ఉన్నదమ్మా. వాన పడ్డా, పడకున్నా దీనికి తెల్వదు. నాకు ఒట్టి వాన మీద బతికే చెట్టు గావాలె.” మిట్ట వైపు చూసి, “గదైతే మంచిగుంటది,” అంది.

లక్ష్మీదేవమ్మ కాళ్లు నేల మీద నిలవలేదు. పుల్ల తీసుకుని యమున వెళ్లినప్పటి నుంచి ఊళ్లో అదే మాట. “ఊకె బలిస్తె ఏం లాభం? సదువుకున్నోళ్లు నా చెట్టునే ఏరుకున్నరు,” అని బాలమణికి వినబడేలా అనేది. బాలమణి మాత్రం, “మంచిదే గదక్కా!” అని మనసారా సంతోషపడింది. పోటీకే రాని మనిషి మీద గెలిస్తే ఏం రుచి ఉంటుంది? లక్ష్మీదేవమ్మకు ఆ పూట అన్నం సయించలేదు.

కొన్నాళ్లకు యమున ఆ పుల్లను చెక్క గాడిలో అంటించి, ఉప్పు కాగితంతో నున్నగా రుద్ది తెచ్చింది. చెట్టు కిందే కూర్చుని తోడికోడళ్లిద్దరికీ భూతద్దంలో చూపించింది.

“గిది రెండువేల తొమ్మిది, ఎంత ఇరుకున్నదో చూడుర్రి. అడివి చెట్లతోని మంచిగ కలుస్తుంది. గీ పదిహేనే సమజైతలేదు. అడివిల ఏ చెట్టుకు జూసినా ఎంటుకంత ఉన్నది. దీనికేమో గింత వెడల్పు. ఆ ఏడు నీళ్లు వోసినవా అమ్మా? పోస్తే పోసిన్నని చెప్పు, ఈ చెట్టును లెక్కల నుంచి తీసేస్త.”

లక్ష్మీదేవమ్మ లెక్క వేసుకుంది. పోశానంటే చెట్టూ పోతుంది, పరువూ పోతుంది. ఆమె నోరు విప్పేలోపే బాలమణి అందుకుంది.

“నీళ్లేడియి బిడ్డా? ఆ ఏడు అక్కోళ్ల బోరు గూడ గాలి కొట్టె. పాపం, మస్తు తిప్పలు వడ్డది.”

“మరి వానే పడ్డదేమో,” అంది యమున.

మునిగేవాడికి తాడు దొరికినట్టయింది. “పడ్డది,” అంది లక్ష్మీదేవమ్మ. “పెద్ద వానలే పడ్డయి ఈ మిట్ట మీద.” అక్కడితో ఆగినా సరిపోయేది. కుళ్లు ఆగనిస్తుందా? “పల్లపోళ్లకు వడలే. దేవుని సూపు నా చెట్టు మీదనే ఉండె,” అని కలిపింది.

బాలమణి తల ఊపబోయి ఆగింది. గెట్టు వైపు చూసింది. ఇవతల టేకు, అవతల తన పత్తి మాడిన చెలక. నడుమ ఒక మనిషి అడ్డంగా పడుకునేంత జాగా కూడా లేదు. ఆ ఏడు వాన కోసం ఆమె మొగులు వైపు చూడని పూట లేదు. ఈ గెట్టు మీద నిలబడే ఏడ్చింది. భూతద్దం తీసుకుని ఆ వెడల్పాటి వలయాన్ని చాలాసేపు చూసింది.

“నీళ్లు వోసిందని రాస్కో బిడ్డా,” అంది మెల్లగా. “వాన వడలే.”

ఇక తిడుతుందని, మన్ను ఎత్తిపోస్తుందని లక్ష్మీదేవమ్మ ఎదురుచూసింది. తిడితే తనూ నాలుగు తిట్టవచ్చు. బాలమణి కొంగు దులుపుకుని లేచింది.

“చెట్టును మంచిగ సాదుకున్నవు లక్ష్మీదేవమ్మా,” అంది.

ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి అక్కా అనకుండా ఆమె మాట్లాడటం అదే మొదలు. తర్వాత గెట్టు దాటి, ఎవరి దగ్గరా దాచుకోవాల్సిందేమీ లేని మనిషిలా తన చేన్లోంచి ఇంటి దారి పట్టింది. ఆ నడక చూసి, అప్పుడు కూడా, లక్ష్మీదేవమ్మకు కడుపు మండింది.